పెదవులు చూసి వినే పిల్లలు

ఆ గురువారం సాయంత్రం నేను ఒక మనిషి ఫోను రెండుసార్లు మధ్యలో కట్ చేసి, మళ్ళీ మోగకుండా అతని నంబరునే ఆపేశాను. ఆపే ముందు, "ఇక్కడ డాక్టరెవరూ లేరు, ఇంకోసారి చేయకు" అన్నాను. ముక్కూ ముఖం తెలియని మనిషితో అంత పెడసరంగా, ఏకవచనంలో మాట్లాడటం నా అలవాటు కాదని చెప్పుకోవాలని ఉంది. కానీ ఫోను తెర మీద "నర్సయ్య, లింబాయత్" అని, పనివాళ్ళుండే పేట పేరుతో చూసినప్పుడే ఎలెక్ట్రీషియనో ఆటో డ్రైవరో అయి ఉంటాడని అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే నా గొంతు మారిపోయింది. తప్పు అక్కడ మొదలైంది.

అది మా పిన్ని బేసణు. సూరత్‌లో ఎవరైనా పోతే ఒక సాయంత్రం తెలిసినవాళ్ళంతా తెల్లబట్టలు కట్టుకుని వచ్చి, ఆ ఇంట్లో కాసేపు మౌనంగా కూర్చుని, చేతులు జోడించి వెళ్ళిపోతారు. దానికి ఇక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు బేసణు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ ఎండాకాలంలో మనిషి పక్కన మనిషి కూర్చునే వీలు లేక అది ఫోనులోకి మారింది. గుజరాతీ పేపర్లో పోయినవాళ్ళ ఫోటో, కింద ఫోను నంబరు, నాలుగు నుంచి ఆరు అని సమయం. అలాంటి ఫోటోలతో పేజీలకు పేజీలు నిండిపోయేవి. పిన్నికి పిల్లలు లేరు. బాబాయి ఎప్పుడో పోయాడు. ఆమె అక్క కొడుకుగా ఆ ప్రకటన నేనే రాసిచ్చాను. ఫలానావారి భార్య, దైవభక్తురాలు, మృదుభాషిణి అని రాశాను. మా ఆవిడ భారతి అది చూసి, "ఆవిడ పేరు ముందు డాక్టర్ అని పెట్టరా? ఏం పని చేసిందో ఒక్క ముక్కయినా ఉండదా?" అంది. "డాక్టర్ అంటే మందుల డాక్టరనుకుంటారు. బెడ్డు ఇప్పించండి, ఇంజెక్షను ఇప్పించండి అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు" అన్నాను. భారతి ఇంకేమీ అనలేదు. తను మాట్లాడకుండా ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియాలి.

అడాజన్‌లో మా ఫ్లాటు బాల్కనీ దగ్గర కుర్చీ వేసుకుని, పిన్ని ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఫోనుకు తాళం ఉండేది కాదు. నాలుగు కొట్టగానే మోగింది. "మేడమ్‌కియ్యుండ్రి సారూ. పిల్ల కూసున్నది" అని చెవి గింగురుమనేలా అరిచాడు అవతలి మనిషి. నేను ఆమె పోయిందని చెప్పాను. "ఆఁ? ఏందీ? ఇనవడ్తలేదు. మేడమ్‌కియ్యుండ్రి" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే అరుపు. విజయవాడ నుంచి చేస్తున్న బంధువులకు లైను దొరకడం లేదన్న తొందరలో ఉన్నాను. కట్ చేశాను. వెంటనే చేశాడు. మొదట చెప్పిన ఆ మాట అప్పుడే అన్నాను.

ఆ తరువాత మర్యాదస్తుల ఫోన్లు వచ్చాయి. అందరూ బాబాయిని తలుచుకున్నారు. పిన్ని చేసే పులిహోరను తలుచుకున్నారు. నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. లేచి ఫ్యాను వేగం పెంచాను, తగ్గించాను, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ కడుక్కున్నాను. ఏదో ఒక వాసన ముక్కును పట్టుకుని వదలడం లేదు. చాలాసేపటికి పోల్చుకున్నాను. పిన్ని ఫోను కవరు కుట్టిన బట్టది. ఆమె పాత చేతిసంచి ముక్కతో తనే కుట్టుకుంది. ఆ సంచికి ఎప్పుడూ మరమగ్గాల నూనె వాసన ఉండేది.

ఇంజనీరింగ్ చదువుకు నేను సూరత్ వచ్చినప్పుడు పిన్నీ బాబాయీ నాన్‌పురాలో ఒక పాత ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్ళు. బాబాయి అద్దకం మిల్లులో ఇంజనీరు. తెల్లవారకముందే పిన్ని లేచి బొగ్గుల కుంపటి అంటించేది. బాబాయికి చొక్కా గంజి పెట్టి ఉండాలి, కాఫీ రెండుసార్లు ఉండాలి, రెండో కాఫీ మొదటిదానికంటే పలచగా ఉండాలి. ఇవన్నీ అయ్యాక, నా డబ్బా కట్టాక, తల దువ్వుకుంటూ గోడకు చేరగిలబడి ఏవో కాగితాలు చదువుకునేది. ఆమె మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు చేసింది. వాల్తేరులో ఆమెకు చదువు చెప్పిన గురువుగారు కూడా ఆడమనిషే. ఆవిడకు ప్రయోగశాల తాళంచెవి ఇవ్వడానికి చాలాకాలం ఒప్పుకోలేదట. ఆడవాళ్ళకు యంత్రాలెందుకని అనేవారట. ఆవిడ వంటింట్లో గిన్నెలు, గంటెలు, పప్పుగింజలతో పసిపిల్లల జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు చేసి, యంత్రాలున్నవాళ్ళకంటే ముందే ఫలితాలు చూపించిందట. పిన్ని ఈ సంగతి చెప్పేటప్పుడు చేతిలో గంటె ఉంటే దాన్ని ఒకసారి తిప్పి చూసేది. "మా గురువుగారికి ఆఖరికి ఇచ్చిన పోస్టేమిటో తెలుసా రఘూ? గృహవిజ్ఞానం. వంట నేర్పమన్నారు" అనేది. బాబాయి పేపరు దించకుండానే, "నేర్పితే మంచిదే కదా, నీకు కొంచెం వచ్చి ఉండేది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. పిన్ని కూడా నవ్వేది. ఆ నవ్వులో ఆమె ఎంతవరకు ఉండేదో నేనెన్నడూ ఆలోచించలేదు.

సూరత్‌లో ఆమె చేరిన యూనివర్సిటీ విభాగంలో అప్పటికి ఆమె ఒక్కతే ఆడమనిషి. లింబాయత్ వైపు బడుల నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. కరీంనగర్ ప్రాంతం నుంచి మరమగ్గాల మీద పనికి వచ్చినవాళ్ళ పిల్లలు మందబుద్ధులనీ, ఏం అడిగినా బిత్తరచూపులు చూస్తారనీ. తెలుగు వచ్చు కాబట్టి పరీక్షలు పెట్టి రమ్మని పిన్నిని పంపారు. శనివారాలు సంచి మోయడానికి, స్టాప్‌వాచీ పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్ళేది. సంచిలో చెక్క దిమ్మలు, బొమ్మల అట్టలు, ప్రశ్నల పుస్తకం ఉండేవి. మా ఇంటినుంచి సిటీబస్సులో వెళ్ళి, దిగాక చాలా దూరం నడిచేవాళ్ళం. మగ్గాల వీధిలోకి మలుపు తిరగకముందే నేల అదురు కాళ్ళకు తెలిసేది. అక్కడ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే ఇంటిలోపల కూడా అరవాల్సిందే. కింద మగ్గాలు, పైన కాపురాలు.

ఆ వీధిలోనే ఒక గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రశ్నలు తెలుగులో చదివే పని ఒక వారం నాకు అప్పగించింది. పుస్తకంలో తల దూర్చి, పలుకు పోకుండా చక్కగా చదివాను. పిల్లలు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. చెప్పినవీ వేరే ప్రశ్నకు చెప్పినట్టు ఉన్నాయి. నాకు ముచ్చటగానే ఉంది. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందనుకున్నాను. పిన్ని మాత్రం ఆ పిల్లల్ని చూడటం మానేసి, తలుపులోంచి ఎదురింటి మెట్ల వైపు చూస్తోంది. అక్కడ ఒక తల్లి కింద మగ్గం దగ్గర నిలబడి, మేడమీది కూతురితో మాట్లాడుతోంది. గొంతు లేదు. పెదవులు కదులుతున్నాయి, ఒక చెయ్యి ఆడుతోంది. కూతురు పైనుంచి అలాగే జవాబు చెప్పి, లోపలికి వెళ్ళి, చెంబు తెచ్చి కిందికి దించింది. పిన్ని నా చేతిలో పుస్తకం మూసేసింది. "రఘూ, తల ఎత్తి అడుగు" అంది.

తల ఎత్తి, వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ, పెదవులు విడదీసి అడిగాను. అవే పిల్లలు, అవే ప్రశ్నలు. సగానికి సగం జవాబులు వచ్చాయి. ఒక పిల్లయితే ప్రశ్న పూర్తి కాకముందే చెప్పేసి, "జల్దీ అడుగు" అంది. పుట్టినప్పటి నుంచి మగ్గాల మోతలో పెరిగిన ఆ పిల్లలు చెవితో కంటే కంటితో ఎక్కువ వింటున్నారు. కొందరికి వినికిడే తగ్గింది. బడిలో పంతులు నల్లబల్ల వైపు తిరిగి పాఠం చెబితే వాళ్ళకు పాఠం లేనట్టే. పిన్ని ఆ వారమే బొమ్మల అట్టలు కూడా మార్చింది. ముల్లు లేని గడియారం బొమ్మ చూపించి ఇందులో ఏం లోపమని అడిగే చోట, పోగు చుట్టని కండెను గీయించింది. భోజనాల బల్ల తీసేసి సాంచా పెట్టింది. అక్కడ మగ్గాన్ని సాంచా అనే అంటారు. రాత్రి జుట్టులో చిక్కుకున్న నూలు దూగర తీసుకుంటూ, ఆ కొత్త ప్రశ్నల్ని బాబాయి మీద ప్రయోగించేది. ఆయన సగం తప్పేవాడు. "అయితే నేను మందబుద్ధినా?" అనేవాడు. "మీ కోసం వేరే పరీక్ష తయారు చెయ్యాలి" అనేది.

ఆ పని మీద వచ్చిన నివేదికలో ఆమె పేరు అందరి తరువాత, సహాయకురాలు అని ఉంది. ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. తరువాత ఒక మహిళా కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పింది. తను మాత్రం బడి బడికీ తిరిగి, టీచర్లను పిల్లల వైపు తిరిగి మాట్లాడమని, కిటికీకి వీపు పెట్టకుండా వెలుగు ముఖం మీద పడేలా నిలబడమని చెప్పి వచ్చేది. ఇందులో శాస్త్రమేముందని నేను కూడా అనుకున్నాను. హజీరా ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాక, మా పిన్ని ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, పిల్లలతో ఆడుకుంటుందని చెప్పేవాణ్ణి. అదేదో ముద్దుగా అన్నట్టు అనేవాణ్ణి. అప్పుడు ఆమె పని నా కళ్ళ ముందు జరిగింది, దానికి పేరు మాత్రం లేదు. ఇప్పుడు ఆమె నేర్పిన ఆడపిల్లలకు బోర్డులున్నాయి, గదులున్నాయి, మనసు బాగాలేదని చెప్పుకోవడానికి జనం ముందే సమయం అడిగి వస్తారు. ఈ రెంటికీ మధ్య ఎంతమంది ఆడవాళ్ళు సంచులు మోశారో ఆ బోర్డుల మీద ఉండదు. మరి పేపరు ప్రకటనలో రాయగలిగిన నేనే రాయలేదు.

ఆరు కావస్తుండగా హేతల్ ఫోను చేసింది. పిన్ని దగ్గర చదువుకుని, పిల్లల మానసిక వైద్యంలో ఇప్పుడు పేరున్న అమ్మాయి. గుజరాతీ మనిషే కానీ పిన్ని వెంట లింబాయత్ తిరిగి అక్కడి తెలుగు పట్టేసింది. తనకూ కరోనా వచ్చి గదిలో ఒంటరిగా ఉంది. దగ్గుతూనే కాసేపు ఏడ్చింది. తరువాత, "జర ఇనుండ్రి భాయ్. ఇయ్యాల గురువారం. నర్సయ్యకు ఎవరన్నా చెప్పిన్రా?" అని అడిగింది.

కుర్చీలోంచి లేచాను. తను చెప్పిందంతా నిలబడి విన్నాను. నర్సయ్య భార్య ఆ మార్చిలో కరోనాతో ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. శవం ఇంటికి తేలేదు. కూతురు నవ్య నాలుగో తరగతి పిల్ల. మమ్మీ ఊరికి పోయిందని ఇంట్లో, వీధిలో అందరూ చెప్పారు. పిల్లకు ఎవరో తోటిపిల్లల ద్వారా నిజం తెలిసింది. అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం మానేసింది, తిండి తగ్గించింది, గది దాటి రాలేదు. పిన్ని ప్రతి గురువారం నాలుగింటికి వీడియో ఫోను చేసేది. మొదట్లో నవ్య తెర వైపు చూసేది కూడా కాదు. ఈ మధ్యే ఒకటీ అరా మాట్లాడుతోంది. పోయిన గురువారం పిన్ని తనకు జ్వరంగా ఉందని చెప్పిందట, వచ్చే వారం మళ్ళీ చేస్తానందట. నాలుగింటికి ఆయన చేసిన ఫోను సంగతి నేను చెప్పాను.

"ఆయన మామూలు ఫోను చేసిండంటే భయపడి చేసిండు. ఆయనకు చెవులు పోయినయి భాయ్, సాంచాల మీద. వీడియోల పెదవులు చూస్తెనే తెలుస్తది. మీకు తెల్వదా?"

తెలుసు. ఈ సూరత్‌లో పిన్ని తరువాత ఆ సంగతి ముందుగా తెలిసినవాణ్ణి నేనే. స్టాప్‌వాచీ పట్టుకుని చూసినవాణ్ణి. అలా అరిచే మనిషి ఎందుకు అరుస్తాడో క్షణం ఆలోచించి ఉంటే చాలు.

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"చెప్పాలె. ఫోన్ల కాదు. నేను రాలేను. ఆ పిల్లకు ఇంకోసారి ఎవరన్నా అబద్ధం చెప్పిన్రనుకో, మళ్ళ మాట్లాడదు. మేడమ్ గింత కష్టపడి తెచ్చింది, మొత్తం పోతది."

భారతి రెండు మాస్కులు తెచ్చి ఇచ్చింది. "దూరంగా నిలబడండి" అంది. ఆగి, "మర్యాదగా మాట్లాడండి" అని కూడా అంది. కర్ఫ్యూకి ఇంకా టైముంది. తాపీ నది వంతెన మీద బండ్లు లేవు. రింగ్ రోడ్డు మార్కెట్లు మూసి ఉన్నాయి. దారిపొడవునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను, చెరిపేశాను. లింబాయత్‌లో మగ్గాలు సగమే తిరుగుతున్నాయి. నేల అదురు అంతగా లేదు. హేతల్ చెప్పిన ఇనుపమెట్ల ఇల్లు అడిగి పట్టుకున్నాను. నర్సయ్య మెట్ల మీదే కూర్చుని, చేతిలో ఫోను తిప్పుతున్నాడు. బక్కపలచని మనిషి, గళ్ళ లుంగీ.

మాస్కుతో మాట్లాడబోయాను. ఆయన నా ముక్కు కింది గుడ్డ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను వెనక్కి నడిచి, వీధి అవతలి గోడ దాకా వెళ్ళి, ముఖం వెలుగు వైపు పెట్టి, మాస్కులు రెండూ దించాను. చేతులు జోడించాను. మేడమ్ పోయిందని, నేను ఆమె అక్క కొడుకునని, సాయంత్రం ఫోనులో మిమ్మల్ని అన్న మాటలకు క్షమించమని, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఆయన కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి. మధ్యలో ఒకసారి ఆ కళ్ళు మూసుకున్నాయి. చెప్పడం ఆపి, తెరిచేదాకా ఆగాను.

నేను అన్న మాటల్ని ఆయన పట్టించుకోలేదు. వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. తన గొంతు పెద్దదని తనకు తెలుసు. ఆ గొంతును పూర్తిగా ఆపేసి, పెదవులు మాత్రం కదిలిస్తూ నాతో మాట్లాడాడు. మేడమ్ ఊరికి పోయిందని చెప్పుండ్రి. పిల్ల తట్టుకోదు. దండం పెడత సారూ. చేతులు జోడించి మళ్ళీ అదే అన్నాడు. ఆ వీధిలో అలా మాట్లాడే మనుషుల్ని చూసి ఎన్నేళ్ళయిందో, అయినా అక్షరం పొల్లుపోకుండా నాకు అర్థమైంది. ఒప్పుకుంటే ఆ సాయంత్రం అందరికీ తేలిగ్గా గడిచిపోతుంది. ఆయనకు నేను అప్పుడే ఒక తప్పు చేసి ఉన్నాను, ఆయన అడిగినదాన్ని కాదనడానికి నాకు ముఖం చెల్లలేదు. కాదని తల ఊపాను. "మళ్ళీ అబద్ధం వద్దు" అన్నాను.

నవ్య అప్పటికే తలుపులో నిలబడి ఉంది. తల దువ్వుకుని, రెండు జడలు వేసుకుని ఉంది. ఎవరి కోసం దువ్వుకుందో తెలుస్తూనే ఉంది.

"నవ్యా, మీ మేడమ్‌కు మా ఇంట్లో నేను కొడుకులాంటివాణ్ణి. ఆమె చనిపోయింది. సోమవారం, ఆస్పత్రిలో."

 తండ్రి ఆమె వైపు కాక గోడ వైపు చూస్తున్నాడు.

"మా మమ్మీ లెక్కనా?"

"అవును. ఆ జబ్బే."

"నా ఫోను ఎందుకు కట్ చేసిండ్రు?"

"మీ నాన్న ఎవరో కనుక్కోలేదు. ఎవరో పనివాడనుకుని కోప్పడ్డాను. తప్పు నాది."

నవ్య కిందికి రెండు మెట్లు దిగి, తండ్రి ముఖం తన వైపు తిప్పి, గొంతు లేకుండా ఏదో చెప్పింది. అది నాకు కనిపించలేదు. ఆయన భుజాలు కదలడం మాత్రం చూశాను. పిల్ల ఆయన పక్కనే కూర్చుంది. తరువాత నా వైపు తిరిగి, "వచ్చే గురువారం ఎవలు చేస్తరు?" అంది.

"హేతల్ మేడమ్ చేస్తుంది. ఆమెకు బాగయ్యేదాకా నేను చేస్తాను."

"మీకేం వస్తది?"

"ఏమీ రాదు. కూర్చుంటాను."

ఆమె సరేననలేదు. వద్దని కూడా అనలేదు.

ఇంటికి వచ్చి ఆ నంబరుకు పెట్టిన అడ్డు తీసేశాను. భారతిని కూర్చోబెట్టుకుని రెండో ప్రకటన రాశాను. డాక్టర్ సుభద్ర, మగ్గాల వీధుల పిల్లలకు ఎలా ప్రశ్న అడగాలో ఈ ఊరికి నేర్పిన మనస్తత్వవేత్త అని. పేపరువాళ్ళు ఇంత పొడుగు వాక్యం పట్టదన్నారు. దైవభక్తురాలు, మృదుభాషిణి తీసేయమన్నాను. హేతల్‌ను అడిగి, నాకు రానిదేదో, నేను చేయకూడనిదేదో తెలుసుకున్నాను. సలహాలివ్వొద్దంది. ఊరడించొద్దంది. అడిగితే ఉన్నది చెప్పమంది.

గురువారం నాలుగింటికి కిటికీ వైపు తిరిగి కూర్చుని వీడియో ఫోను చేశాను. నవ్య ఎత్తింది. ఫోనును దేనికో ఆనించి పెట్టి, కింద కూర్చుని, చాలాసేపు గోళ్ళు చూసుకుంది. నాకు లేచి తిరగాలనిపించింది, ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. కదలకుండా కూర్చోవడం అంత పెద్ద పని అని నాకు ఆ వయసు దాకా తెలియదు. చివరికి తను లేచి వెళ్ళి తండ్రిని తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టింది.

"మేడమ్ ఎట్ల చనిపోయింది? మొదటి నుంచి చెప్పుండ్రి. డాడీకి కూడా కనబడేటట్టు చెప్పుండ్రి."

అంబులెన్సు కోసం ఎదురుచూసిన పొద్దుటి నుంచి మొదలుపెట్టాను. దారిలో పిన్ని నా చెయ్యి పట్టుకుందని చెప్పాను. ఆస్పత్రి గేటు దగ్గర నన్ను ఆపేశారని, ఆ తరువాత ఆమెకు ఎలా ఉండిందో నాకు తెలియదని, తెలుసుకోవడానికి ఎవరూ లేరని కూడా చెప్పాను.

"మాకు గూడ గేటు కాణ్ణే ఆపిన్రు" అంది నవ్య.

తరువాత తను చెప్పడం మొదలుపెట్టింది. నేను విన్నాను.